నెలకు

శ్రీసిటీ నుంచి తిరుపతికి కంపెనీ బస్సు.
మొరీటా గారి కారు ఆ పొద్దు షెడ్డుకు పోయింది.
మాతోపాటే మూడో సీట్లో
ఒళ్ళో టోపీ పెట్టుకుని ఆయన.
పక్కన నేను, దుబాసీని.
స్క్రూ ఎంత బిగించాలో
జపానులోంచి తెలుగులోకి తెచ్చి పెట్టడం నా ఉద్యోగం.

నాయుడుపేట దాటినాక
చెంగల్రాయుడు వెనకనించి వచ్చి
నాలుగు మడతల కాగితం చేతికిచ్చినాడు.
"మేడం, ఈ చీమతలకాయంత అక్షరాలు చదివిపెట్టు."

కార్డు బిల్లు.
గీకింది ముప్పైనాలుగు వేలు:
ఒక ఫ్రిజ్జు, పిల్లోడి బూట్లు,
చెల్లెలి కాన్పుకు ఆస్పత్రి ఎదురుగా మందులు.
ఏడాదిన్నరగా కట్టింది ఇరవైతొమ్మిది.
ఇంకా ఉండేది ఇరవైమూడు.
"తోడేకొద్దీ ఊరే బావిని చూసినా గానీ
తోడేవాడి మీదికి ఎక్కే బావిని చూడలే మేడం."

మొరీటా గారు అద్దాలు నుదుటికెత్తుకుని
ఒక అంకె మీద వేలు పెట్టినారు.
మూడు పాయింట్ ఆరు.
"తక్కువే కదా" అన్నారు.
తెలుగు చేసి చెప్పినా.
చెంగల్రాయుడు నన్ను చూసినాడు.
నేను కిటికీలోకి చూసి, జపానులో
ఒక మాట కలిపినా:
నెలకు.

ఎనిమిదేళ్ళ దుబాసీతనంలో
ఒక్క మాటకు ముఖం అంత వాడిపోవడం ఎరగను.
ఆయన పన్నెండుతో హెచ్చవేసుకున్నారు,
తప్పేమో అని మళ్ళీ వేసుకున్నారు.
"మా దేశంలో ఏడాదికి ఇరవై దాటితే
నేరం అప్పిచ్చినవాడిది."

బస్సులో సగం మంది ముందుకు వంగినారు.
నూటికి మూడు తీసుకుంటాడని
మా సత్యవేడు గురవప్పను పీనుగల మీద పేలాలేరుకునేవాడని తిట్టేవాళ్ళం.
వీళ్ళు మూడున్నర దాటించి
పుట్టినరోజుకు శుభాకాంక్షలు కూడా పంపుతారు.

"ఎప్పుడూ అట్లా లేదు" అన్నారాయన, నెమ్మదిగా.
"నా చిన్నప్పుడు రాత్రుళ్ళు తలుపు కొట్టేవాళ్ళు.
అమ్మ దీపం ఆర్పి నా నోటిమీద చెయ్యి పెట్టేది.
తర్వాత చట్టం గట్టిపడింది.
ఎక్కువ కట్టినవాళ్ళకు
చాలామందికి వెనక్కి ఇచ్చినారు."

"ఏందీ, వడ్డీ వెనక్కా?"
చెంగల్రాయుడు పగలబడి నవ్వినాడు.
"పెళ్ళికి చేసిన అప్పు
ఆ కొండమీది సామికే ఇంకా తీరలే,
మనకు వెనక్కొస్తదంట!"

ఆ నవ్వును ఎట్లా తర్జుమా చేసేది?
కుబేరుడి నుంచి మొదలుపెట్టి చెప్పినా.
మొరీటా గారు శ్రద్ధగా విని
ఒక్కటే అడిగినారు:
"రేటెంత?"

రేణిగుంట వచ్చింది. కొండమీద దీపాలు.
ఇరవైమందిమి, పుట్టి బుద్ధెరిగినప్పటినించీ
హుండీలో వేస్తానే ఉండాము,
ఒక్కరికీ రేటు తెలీదు.

ఏడూ పదికి చెంగల్రాయుడి ఫోను మోగింది.
ఏడు దాటితే చెయ్యకూడదని రూలు,
ఆ మాట ఆ పొద్దే నేను వాడికి చెప్పి ఉన్నా.
చేతులు వణుకుతుంటే ఫోను నాకిచ్చినాడు.
నేను మొరీటా గారికిచ్చినా.

"మోషి మోషి?"

అవతల గుటక మింగిన చప్పుడు.
ఆడపిల్ల గొంతు. మన ఊరి యాసే,
వెనకాల ఇంకో పదిమంది గొంతులు,
ఎవరిదో టార్గెట్టు గట్టిగా చదువుతున్నారు.
"...సారీ అన్నా.
రేపు ఎనిమిదికి చేస్తా."

అందరూ నవ్వినారు, డ్రైవరు కూడా.
ఆ పిల్ల ఏ కార్డు తీర్చుకోను
ఆ కుర్చీలో కూర్చుందో అనుకుంటా
నేనూ నవ్వినా.

లీలామహల్ సర్కిల్లో దిగేటప్పుడు మొరీటా గారు అడిగినారు,
బిల్లు కింద లావు అక్షరాల్లో ఉన్న
ఆ చిన్న మొత్తం ఏమిటని.
మినిమమ్ డ్యూ.
అదొక్కటీ నాకు బాగా తెలుసు.
జపాను భాష మూడో పరీక్ష ఫీజు గీకిన నాటినుంచి
నెల నెలా నేను కట్టేది అదే.

"ఆ మాటకు
తర్జుమా లేదండీ" అన్నా.